లింకు తెగిన చోట ఆగండి

మ్యూజియంలో శిల్పం పక్కన ఉండే లేబుల్‌ని పైవరుస నుంచి మొదలుపెట్టి సగంలో వదిలేస్తాం. పేరు, కాలం, ఊరు తెలిశాక ఇంకేం కావాలి అన్నట్టు కళ్లు మళ్లీ శిల్పం వైపు తిరుగుతాయి. ఈ అధ్యాయమంతా మీరు చదవకుండా వదిలేసిన ఆ అడుగు వరుస గురించి.

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి శిల్పాలకు ఒక గది ఉంది. వాటిలో ఒక ఫలకం నంబరు 1880,0709.79. మొదటి నాలుగు అంకెలు సంవత్సరం, తర్వాతి రెండు నెల, ఆపై రెండు తేదీ. అంటే 1880 జులై 9 తేదీతో రిజిస్టరులోకి ఎక్కిన వస్తువుల్లో ఇది 79వది. అంతకు ముందురోజు అది ఎక్కడుంది? ఎవరి దగ్గరుంది? వాళ్లకి ఎలా వచ్చింది? ఈ మూడు ప్రశ్నలే మళ్లీ మళ్లీ వేసుకుంటూ, ఆ రాయిని చెక్కిన చోటి దాకా వెనక్కి నడవడమే మనం నేర్చుకోబోయే పని. మ్యూజియం వాళ్లు దీన్ని ప్రొవెనెన్స్ రీసెర్చ్ అంటారు.

పేరు కొత్తదే గానీ పని మనకు తెలిసిందే. ఊరి చివర రెండొందల గజాల ప్లాటు కొనే ముందు అమ్మేవాడు చెప్పేదంతా మర్యాదగా వింటాం, ఇచ్చిన కాఫీ తాగుతాం, తర్వాత లింకు డాక్యుమెంట్లు అడుగుతాం. ఈసీ తీయిస్తాం. తండ్రి నుంచి కొడుక్కి ఎలా వచ్చింది, మధ్యలో ఆడపడుచుల సంతకాలున్నాయా అని చూస్తాం. ఒక్క లింకు దొరక్కపోయినా, ధర ఎంత తక్కువైనా, అడ్వాన్సు ఇవ్వకుండా లేచి వచ్చేస్తాం. కోట్ల బడ్జెట్ ఉన్న మ్యూజియాలు, డాక్టరేట్లున్న క్యూరేటర్లు ఈపాటి జాగ్రత్త తీసుకోక దొంగసొత్తు కొన్న సందర్భాలు చాలా ఉన్నాయి. వాళ్లకి చదువు తక్కువై కాదు, ఎదురుగా ఉన్న వస్తువు మరీ అందంగా ఉండి.

ముందు చుక్కలు చదవండి

పెద్ద మ్యూజియాలు ఇప్పుడు తమ వస్తువుల యాజమాన్య చరిత్రను వెబ్‌సైట్లలో పెడుతున్నాయి. అది చూడ్డానికి పేర్లు, ఊర్లు, తేదీలతో ఒక ముద్దలా ఉంటుంది. చాలామంది పేర్లు చదువుతారు. అలవాటైనవాళ్లు విరామచిహ్నాలు చదువుతారు. ఎందుకంటే అమెరికన్ మ్యూజియాల సంఘం 2001లో వేసిన మార్గదర్శి పద్ధతి ప్రకారం, రెండు పేర్ల మధ్య సెమీకోలన్ ఉంటే వస్తువు మొదటివారి నుంచి నేరుగా రెండోవారికి చేరిందని అర్థం. ఫుల్‌స్టాప్ ఉంటే, అలా నేరుగా చేరిందో లేదో తెలియదని అర్థం. చదరపు బ్రాకెట్లలో ఉన్న పేరు డీలర్‌ది.

నేను కల్పించిన ఈ ఎంట్రీ చూడండి: చిత్రకారుడు, పారిస్; ఆయన కూతురు, పారిస్; [డీలర్, బెర్లిన్], 1929. ప్రైవేటు కలెక్షన్, స్విట్జర్లాండ్. [డీలర్, న్యూయార్క్], 1951; మ్యూజియం కొన్నది, 1952.

పారిస్ నుంచి బెర్లిన్ దాకా ఇబ్బంది లేదు. 1951 తర్వాతా ఇబ్బంది లేదు. మధ్యలో 22 ఏళ్లు, అటొక ఫుల్‌స్టాప్, ఇటొక ఫుల్‌స్టాప్, లోపల పేరు చెప్పని ఒక స్విస్ పెద్దమనిషి. హిట్లర్ అధికారంలోకి వచ్చింది 1933లో. బెర్లిన్‌లో ఆ చిత్రాన్ని కొన్నవారు యూదులైతే? ఈ ప్రశ్న అడగడానికి కళాచరిత్ర తెలియక్కర్లేదు, కేలండర్ తెలిస్తే చాలు. యూరప్ వస్తువైతే 1933 నుంచి 1945 దాకా ఉన్న కాలాన్ని ఎర్ర సిరాతో గీసుకోండి. 1998లో వాషింగ్టన్‌లో 44 దేశాలు కూర్చుని, నాజీలు లాక్కున్న కళాఖండాలను గుర్తించి న్యాయమైన పరిష్కారం చూడాలని సూత్రాలు రాసుకున్నాయి. ఆ తర్వాతే మ్యూజియాలు ఈ పనికోసం ప్రత్యేకంగా మనుషుల్ని పెట్టడం పెరిగింది.

మన దేశపు వస్తువైతే వేరే గీతలు గీసుకోవాలి. 1878లో ట్రెజర్ ట్రోవ్ చట్టం, అంటే భూమిలో దొరికిన నిధి నిక్షేపాలు కలెక్టరుకు తెలియజేయాలన్న చట్టం. 1947లో పురావస్తువుల ఎగుమతి మీద నియంత్రణ. 1970లో యునెస్కో ఒప్పందం. 1972లో వచ్చి 1976 ఏప్రిల్ 5 నుంచి అమలైన పురావస్తువుల చట్టం. వందేళ్లు దాటిన శిల్పాన్ని ఆ చట్టం తర్వాత ప్రైవేటు మనిషి దేశం దాటించడానికి దారే లేదు. కాబట్టి న్యూయార్క్‌లో ఒక చోళ కంచు విగ్రహం కనిపిస్తే మొదటి ప్రశ్న: ఇది ఏ సంవత్సరంలో భారత్ దాటింది? దానికి రుజువేంటి? డీలర్లకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. అందుకే వాళ్ల కథలన్నీ 1960ల చివర్లోనో, 1970లోనో మొదలవుతుంటాయి.

అమరావతి ఫలకం దగ్గరికి ఒక్క నిమిషం. 1880కి ముందు దాని లింకులు చాలావరకు దొరుకుతాయి. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతి పట్నం కట్టిస్తున్నప్పుడు దీపాలదిన్నెను ఇటుకల కోసం, రాళ్ల కోసం తవ్వారు. ఆ సంగతి విని కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్లీ తన బృందంతో వచ్చి శిల్పాలను కొలిచి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి శిల్పాలను మద్రాసు పంపాడు. అవి అక్కడ ఏళ్ల తరబడి ఎండకు, వానకు పడి ఉండి, 1859లో ఓడెక్కాయి. లండన్‌లో ఇండియా మ్యూజియం చేతుల్లో పడి, అది మూతపడ్డాక 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. ఇలియట్ పేరుమీద వీటిని చాన్నాళ్లు ఇలియట్ మార్బుల్స్ అనే పిలిచారు, అది పాలరాయి కాకపోయినా.

ఇక్కడొక మాట. అమరావతి అనగానే చాలామంది ‘దొంగిలించారు’ అనేస్తారు. కంపెనీ అధికారి బహిరంగంగా, రికార్డు రాసి తరలించడం ఒక రకం. రాత్రిపూట గుడి తాళం పగలగొట్టి తీసుకుపోవడం ఇంకో రకం. మొదటిది న్యాయమా అని వాదించండి, నేనూ మీ పక్కనే ఉంటాను. కానీ వాదన వేరు, లింకులు రాయడం వేరు. రెండూ ఒకే కాగితం మీద చేస్తే రెండూ పాడవుతాయి. తీర్పు మనసులో పెట్టుకుని ఆధారాలు వెతికేవాడికి ఆ తీర్పుకి నప్పేవే దొరుకుతాయి.

వస్తువును వెనక్కి తిప్పండి

కాన్వాస్ ముందువైపు చిత్రకారుడిది. వెనకవైపు యజమానులది. చెక్క ఫ్రేమ్ మీద వేలం సంస్థలు స్టెన్సిల్‌తో వేసిన నంబర్లు, డీలర్లు అంటించిన చీటీలు, కస్టమ్స్ ముద్రలు, ప్రదర్శనలకు పంపినప్పటి లేబుళ్లు, ఎవరో సుద్దముక్కతో రాసిన అంకె, ఇవన్నీ అక్కడే ఉంటాయి. పాత కాన్వాస్ చిరిగిపోకుండా వెనక కొత్త గుడ్డ వేసి అతికిస్తుంటారు. ఆ మరమ్మతు చిత్రాన్ని కాపాడుతుంది, ఆధారాల్ని కప్పేస్తుంది. మరమ్మతు ఎప్పుడు జరిగింది, ముందు ఫోటోలు తీశారా అని కన్సర్వేటర్‌ని అడగడం మర్చిపోవద్దు.

నాజీల ఆక్రమణలో ఉన్న పారిస్‌లో లాక్కున్న కళాఖండాలన్నీ జూ ద పోమ్ అనే మ్యూజియానికి చేర్చేవారు. దోచుకునేవాళ్లు లెక్క విషయంలో మహా నిక్కచ్చి. ప్రతి వస్తువుకీ ఒక కోడ్ ఇచ్చారు. రోత్‌షీల్డ్ కుటుంబం నుంచి తెచ్చినవాటి మీద ఆర్ అక్షరం, పక్కన వరుస సంఖ్య. అదే భవనంలో పనిచేసిన రోజ్ వలాండ్ అనే ఫ్రెంచ్ ఉద్యోగిని, తనకు జర్మన్ వచ్చని బయటపడనీయకుండా, ఏ పెట్టె ఎక్కడికి పోతోందో రహస్యంగా రాసి పెట్టుకుంది. యుద్ధం ముగిశాక వేల వస్తువులు దొరికాయంటే ఆమె నోట్సు పెద్ద కారణం. నాజీల కార్డులు ఇప్పుడు డిజిటల్ రూపంలో ఉన్నాయి. జూ ద పోమ్ మీదుగా పోయిన 20 వేలకు పైగా వస్తువుల్ని ఎవరైనా ఇంట్లో కూర్చుని వెతకవచ్చు.

శిల్పానికి వెనకవైపు అంటే పీఠం, విరుగుళ్లు, ఉలిగాట్లు. గోడ నుంచి పెకలించిన రాయికి అంచుల్లో కొత్త దెబ్బలుంటాయి. పాత దెబ్బ నునుపుదేలి నల్లబడుతుంది, కొత్తది తెల్లగా పదునుగా కనిపిస్తుంది. ఇది మ్యూజియం అద్దం అవతల నుంచి కూడా చూడొచ్చు.

శ్రీపురందాన్ నటరాజు

ఒకే ఒక్క కేసు నేర్చుకోవడానికి టైముంటే ఇది నేర్చుకోండి.

తమిళనాడు అరియలూరు జిల్లాలో శ్రీపురందాన్ అనే ఊరుంది. అక్కడి బృహదీశ్వరాలయం చోళుల కాలం నాటిది. నిత్యపూజలు ఆగిపోయి, కంచు విగ్రహాలు లోపలుండగానే తాళం వేసి ఉంది. 2006లో దొంగలు ఆ తాళం తీసి విగ్రహాలు పట్టుకుపోయారు. తలుపు మళ్లీ మూసి ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు. 2008లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ, కాన్‌బెర్రా, సుభాష్ కపూర్ అనే న్యూయార్క్ డీలర్ దగ్గర దాదాపు 50 లక్షల డాలర్లకు ఒక నటరాజు కొన్నది. గుడిలో విగ్రహాలు లేవని అధికారులు కనుక్కున్నది ఆ తర్వాత.

గ్యాలరీ వాళ్లు కాగితాలు అడగకపోలేదు. అడిగారు, ఇచ్చారు కూడా. ఢిల్లీలో ఉద్యోగం చేసిన ఒక సూడాన్ దౌత్యవేత్త 1970లో దీన్ని కొన్నాడట. ఆయన భార్య 2003లో రాసిచ్చినట్టు ఒక ఉత్తరం. దాంతోపాటు, దొంగసొత్తుల జాబితాలో ఈ వస్తువు లేదని లండన్‌లోని ఆర్ట్ లాస్ రిజిస్టర్ ఇచ్చిన ధ్రువపత్రం. చూడ్డానికి లింకులన్నీ ఉన్నట్టే ఉంది.

ఇప్పుడు ఒక్కొక్కటి పట్టి చూద్దాం. ధ్రువపత్రం అబద్ధం కాదు. జాబితాలో నిజంగానే లేదు. ఫిర్యాదు చేయని దొంగతనం జాబితాలోకి ఎలా వస్తుంది? ‘ఎవరూ ఫిర్యాదు చేయలేదు’ అన్న సమాచారాన్ని గ్యాలరీ ‘దొంగది కాదు’ అని చదువుకుంది. నా దృష్టిలో ఈ రంగంలో జరిగే పొరపాట్లలో ఇది అన్నిటికంటే ఖరీదైనది. ఇప్పటికీ జరుగుతోంది.

ఇక ఉత్తరం. 1970లో జరిగిందని చెప్పే విషయానికి 2003లో రాసిన కాగితం ఆధారం. మధ్యలో 33 ఏళ్లు. 1970లోనే పుట్టిన కాగితం, అంటే షిప్పింగ్ రసీదో, బీమా పత్రమో, ఇంట్లో తీసిన ఫోటోనో ఏదీ? వాళ్లింట్లో మూడు దశాబ్దాలు నాలుగడుగుల నటరాజు ఉంటే, దాని ముందు నిలబడి ఒక్క ఫోటో అయినా తీయించుకోరా?

కథ కూల్చింది ఫోటోనే. పాండిచ్చేరిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ 1950ల నుంచి దక్షిణాది గుళ్లన్నీ తిరుగుతూ శిల్పాలకు ఫోటోలు తీసి పెట్టింది. ఆ సేకరణలో లక్షకు పైగా ఫోటోలున్నాయి. దొంగల్ని పట్టుకోవడానికి తీసినవి కావు, శిల్పశాస్త్రం చదువుకోవడానికి తీసినవి. వాటిలో శ్రీపురందాన్ విగ్రహాలు 1994లో గుడిలో ఉండగా తీసినవీ ఉన్నాయి. 1970లో ఢిల్లీలో అమ్ముడైన నటరాజు 1994లో అరియలూరు గుడిలో నిలబడి ఉన్నాడన్నమాట!

రెండూ ఒకే విగ్రహమని ఎలా చెప్తాం? చోళ విగ్రహాలను మైనంతో చేసి, మీద మట్టి అద్ది, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. లోహం చల్లారాక అచ్చు పగలగొడతారు. అందుకే ఒక్కో విగ్రహం ఒక్కటే. ప్రభావళిలో జ్వాలలెన్ని, వాటిలో విరిగిందేది, జటల వంపు ఎలా ఉంది, పీఠం మీద సొట్ట ఎక్కడుంది? ఇలా చిన్న చిన్న గుర్తులు వరసగా కలిశాయంటే అది అదే. ముఖం పోలికతో నిర్ధారణకు రావద్దు. అందమైన ముఖాలన్నీ ఒకేలా కనిపిస్తాయి, లోపాలు మాత్రం ఎవరివి వారివే.

2011 అక్టోబరులో కపూర్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో అరెస్టయ్యాడు. 2012లో అతన్ని భారత్‌కు అప్పగించారు. 2014 సెప్టెంబరులో ఆస్ట్రేలియా ప్రధాని టోనీ అబాట్ ఈ నటరాజును, విరుధాచలం గుడి నుంచి పోయి సిడ్నీ చేరిన అర్ధనారీశ్వరుణ్ని ఢిల్లీలో స్వయంగా అప్పగించాడు. 2022 నవంబరులో కుంభకోణం కోర్టు కపూర్‌కు పదేళ్ల శిక్ష వేసింది.

మీకు పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. ఇలాంటి విగ్రహాలను పాత ఫోటోలతో పోల్చి గుర్తించిన వాళ్లలో ముందుండే పేరు ఎస్. విజయ్‌కుమార్. ఆయన సింగపూర్‌లో షిప్పింగ్ రంగంలో ఉద్యోగి. పురావస్తు శాఖ మనిషి కాదు, ప్రొఫెసర్ అంతకంటే కాదు. రాత్రుళ్లు కూర్చుని వేలం కేటలాగులు, పాత ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని చూశాడు. ఆ తర్వాత ఆయనలాంటివాళ్లే కొందరు కలిసి ఇండియా ప్రైడ్ ప్రాజెక్ట్ పేరుతో పనిచేస్తున్నారు.

కాగితానికీ పుట్టినతేదీ ఉంటుంది

దొంగ కాగితం తయారుచేసేవాడు పాత కాగితం సంపాదిస్తాడు, పాత టైపురైటర్ తెస్తాడు, సంతకం ప్రాక్టీసు చేస్తాడు. అతను తప్పు చేసేది తనకు మామూలైపోయిన విషయాల్లో. కాబట్టి చిరునామా చదవండి. మన దేశంలో ఆరంకెల పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. 1968 తేదీ వేసిన రసీదు మీద పిన్‌కోడ్ ఉంటే దాన్ని పక్కన పెట్టేయొచ్చు. మద్రాసు చెన్నై అయింది 1996లో. మద్రాసు రాష్ట్రం తమిళనాడు అయింది 1969లో. ప్రకాశం జిల్లాకు ఆ పేరొచ్చింది 1972లో. అంతకుముందు రెండేళ్లు అది ఒంగోలు జిల్లా, దానికి ముందు గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలు. ఇలాంటి తేదీలు ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. పత్రం మీద ఊరి పేరు, జిల్లా పేరు, ఫోన్ నంబరు అంకెలు, కరెన్సీ, అన్నీ సాక్షులే.

ఫోటోకూ పుట్టినతేదీ ఉంటుంది. 1995లో స్విస్, ఇటలీ పోలీసులు జెనీవా ఫ్రీపోర్టులో జాకొమో మెదిచి అనే వ్యాపారి గోదాములు సోదా చేస్తే, ఇటలీ సమాధుల్లోంచి తవ్వితీసి ఇంకా మట్టి కూడా కడగని కుండలు, శిల్పాల పోలరాయిడ్లు వేలల్లో దొరికాయి. వాటిలో చాలా వాటిని తీసిన కెమెరా రకం మార్కెట్లోకి వచ్చిందే 1972లో. అంటే అందులో ఉన్న వస్తువులు అప్పటికి ఇంకా పగిలిన పెంకులుగా మట్టిలోనో, మట్టి దులుపుకుంటూనో ఉన్నాయి. ‘1970కి ముందే యూరప్ కుటుంబం దగ్గర ఉంది’ అన్న కథలు వాటి విషయంలో ఆ చతురస్రపు ఫోటోలతోనే కూలిపోయాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 1972లో పది లక్షల డాలర్లకు కొన్న యూఫ్రోనియస్ పాత్ర, లెబనాన్ కుటుంబం దగ్గర తరాలుగా ఉందని చెప్పినది, 2008లో ఇటలీకి తిరిగి వెళ్లింది కూడా ఈ తీగ లాగితే కదిలిన డొంకలోనే.

మీ దగ్గరున్న పత్రాన్నే సరిగ్గా చదవడం

ఒక్కోసారి దొంగ కాగితం ఉండదు. అసలు కాగితమే, అందరి ఎదుటే ఉంటుంది, ఎవరూ చదవరు. వియన్నాలో గుస్తావ్ క్లిమ్ట్ 1907లో పూర్తిచేసిన ఆడెలె బ్లాక్-బావర్ చిత్రం అలాంటిదే. ఆస్ట్రియన్ గ్యాలరీ అర్ధశతాబ్దం పాటు ఒకే మాట చెప్పింది: ఆడెలె వీలునామా రాసి ఇచ్చింది, మాది. 1998లో ఆస్ట్రియా రికార్డులు తెరిచినప్పుడు హూబర్టస్ చెర్నిన్ అనే జర్నలిస్టు లోపలికి వెళ్లి చదివాడు. 1923 వీలునామాలో ఆడెలె తన భర్తను ఒక కోరిక కోరింది: మీ తదనంతరం చిత్రాలు గ్యాలరీకి ఇవ్వండి అని. ఆమె 1925లో పోయింది. భర్త ఫెర్డినాండ్ 1938లో నాజీల నుంచి పారిపోయాడు, ఆస్తి జప్తయింది. చిత్రం గ్యాలరీకి చేరింది 1941లో, నాజీలు నియమించిన లాయరు చేతుల మీదుగా. అప్పటికి ఫెర్డినాండ్ బతికే ఉన్నాడు! ఆయన 1945లో స్విట్జర్లాండ్‌లో చనిపోతూ ఆస్తిని అన్న పిల్లలకు రాశాడు.

తేదీలు వరసగా రాస్తే విషయం దానంతటదే బయటపడుతుంది. భర్త తదనంతరం ఇవ్వాల్సినది భర్త బతికుండగానే ఎలా వచ్చింది? ఆ అన్న కూతురు మరియా ఆల్ట్‌మన్ లాస్ ఏంజెలెస్‌లో ఉండేది. కేసు 2004లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, చివరికి 2006 జనవరిలో ఆస్ట్రియా మధ్యవర్తులే ఆమె పక్షాన తీర్పిచ్చారు. ఐదు చిత్రాలు తిరిగొచ్చాయి.

ఇందులోంచి ఒక పద్ధతి తీసుకోండి. ఏ కేసులోనైనా కథనాన్ని పక్కన పెట్టి, ఒక పొడవాటి కాగితం మీద ఎడమవైపు తేదీలు, పక్కన ఆ రోజు వస్తువు ఎవరి చేతిలో ఉంది, ఆ పక్కన ఆ మాటకు ఆధారమైన పత్రం, ఆఖరున ఆ పత్రం ఎప్పుడు తయారైంది అని నాలుగు గడులు గీయండి. పత్రం లేని గడిని ఖాళీగా వదలండి. ‘అయి ఉండవచ్చు’ అని పెన్సిల్‌తో కూడా రాయొద్దు. పెన్సిల్ రాత వారం తర్వాత మీ జ్ఞాపకంలో ఇంకు రాత అవుతుంది. ఒక సంవత్సరంలో కచ్చితంగా ఉందని తెలిసి, ఎప్పుడు వచ్చిందో తెలియకపోతే ‘1968 నాటికి’ అనే రాయండి, ‘1968లో’ అని కాదు. ఆ ‘నాటికి’ దగ్గరే రేపు ఇంకొకరు పని మొదలుపెడతారు.

మ్యూజియానికి ఉత్తరం రాసేటప్పుడు

కోపంగా రాయాలనిపిస్తుంది. రాయండి, పంపొద్దు. పంపేదానిలో వస్తువు నంబరు పైన వేసి, ఒకే ప్రశ్న అడగండి. ‘మా దేవుణ్ని ఎందుకు దోచుకున్నారు’ అంటే లీగల్ విభాగానికి పోతుంది. ‘ఈ వస్తువు 1970కి ముందు భారత్ బయట ఉందని చూపే పత్రం మీ ఫైలులో ఏదైనా ఉందా’ అంటే రిజిస్ట్రార్ దగ్గరికి పోతుంది. రిజిస్ట్రార్లు సాధారణంగా మంచివాళ్లు. లెక్క సరిపోని ఫైలు వాళ్లకూ నిద్ర పట్టనివ్వదు. జవాబు రాకపోతే నెల తర్వాత అదే ఉత్తరం, అదే మర్యాదతో మళ్లీ పంపండి. ‘వివరాలు గోప్యం’ అని జవాబొస్తే అదీ ఫైలులో పెట్టండి, తేదీతో సహా.

మన దగ్గర

ప్రకాశం జిల్లా చందవరంలో గుండ్లకమ్మ ఒడ్డున బౌద్ధస్తూపం ఉంది. అక్కడి శిల్పాలకు పక్కనే సైట్ మ్యూజియం కట్టారు. 2000–01 ప్రాంతంలో అందులో దొంగలు పడ్డారు. అలా పోయిన ఒక సున్నపురాయి ఫలకం, బుద్ధుణ్ని కొలిచే భక్తులున్నది, న్యూయార్క్ డీలర్ ద్వారా 2005లో కాన్‌బెర్రా గ్యాలరీకే చేరింది. అవును, నటరాజును కొన్న ఆ గ్యాలరీయే. 2016లో తిరిగొచ్చింది. ప్రభుత్వ మ్యూజియంలో నంబరు వేసి పెట్టిన రాయికే ఇలా జరిగితే, ఊరి చివర గుట్ట మీది వీరభద్రుడి మాటేంటి?

కాబట్టి పరిశోధన విదేశీ మ్యూజియంతో మొదలుపెట్టక్కర్లేదు. ఊళ్లో గుడి ఉంది, ఫోన్లో కెమెరా ఉంది. పూజారిగారినీ, ధర్మకర్తనూ అడిగి, అభిషేకానికి అలంకారం తీసిన వేళ విగ్రహాన్ని ముందు, వెనక, రెండు పక్కలా ఫోటో తీయండి. పక్కన స్కేలు పెట్టండి. ఎత్తు, వెడల్పు, విరిగిన వేలు, చెదిరిన పీఠం, చెక్కిన అక్షరాలు విడివిడిగా తీయండి. 1997లో వచ్చిన ఆబ్జెక్ట్ ఐడీ అనే అంతర్జాతీయ పద్ధతి కూడా దాదాపు ఇవే అడుగుతుంది. పోలీసులు, కస్టమ్స్, మ్యూజియాలు అందరూ ఆ పద్ధతిని ఒప్పుకుంటారు. పాత ఫోటోల కోసం పెళ్లి ఆల్బమ్‌లు వెతకండి. 1980ల్లో గుళ్లో పెళ్లయిన ప్రతి జంట వెనకా ఏదో ఒక మూల దేవుడుంటాడు, వీడియోగ్రాఫర్ లైటు వెలుగులో చక్కగా. ఆ మూల రేపు సాక్ష్యం కావచ్చు. తీసిన ఫోటోలను ఫేస్‌బుక్‌లో మాత్రం పెట్టొద్దు. దొంగలూ కేటలాగులు చూస్తారు.

ఇంట్లో నూరేళ్లు దాటిన కంచు విగ్రహమో, రాతి విగ్రహమో ఉంటే 1972 చట్టం ప్రకారం దాన్ని రిజిస్టరు చేయించుకోవాలి. చేయిస్తే ప్రభుత్వం పట్టుకుపోతుందని భయపడేవాళ్లున్నారు. రిజిస్టరైనంత మాత్రాన విగ్రహం ఇల్లు కదలదు. కదిలితే మాత్రం అది మీదని చెప్పడానికి మీ చేతిలో ఒక కాగితం ఉంటుంది.

గుడిలోంచి ఏదైనా పోయిందని తెలిస్తే పరువు గురించి ఆలోచించకుండా ఆ రోజే పోలీసు ఫిర్యాదు చేసి, ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకోండి. ఫోటో జత చేయండి. శ్రీపురందాన్‌లో 2006లోనే ఎవరైనా తలుపు తీసి చూసి ఫిర్యాదు చేసి ఉంటే, ఆ ధ్రువపత్రం పుట్టేది కాదు.

ప్రాక్టీసుకి హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం మంచి చోటు. అక్కడి వస్తువులన్నీ ‘సాలార్‌జంగ్ సేకరణ’ అంటాం గానీ, కొన్నది ఒకరు కాదు. మేలిముసుగు రెబెక్కాను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నాడు. ఎక్కువ భాగం సేకరించింది మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్. ఆయన 1949లో పోయాడు, మ్యూజియం 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో మొదలైంది, ఇప్పటి భవనానికి 1968లో మారింది. రెబెక్కా లింకు తెలిసిందే కాబట్టి ఆ గుంపులోంచి తప్పుకుని, ఎవరూ ఆగని గదిలో ఒక పింగాణీ పాత్రనో, కత్తినో ఎంచుకోండి. మూడు తరాల్లో ఎవరు తెచ్చారు, ఎక్కడ కొన్నారు, ఎవరు అమ్మారు, 1949 నుంచి 1951 దాకా ఎవరి తాళంచెవి కింద ఉంది? నాలుగు గడులూ గీసి, తెలిసినంత నింపి, మిగతాది ఖాళీగా వదిలి, అడగాల్సిన ప్రశ్నలు కింద రాసుకోండి. శుక్రవారం మాత్రం వెళ్లకండి, సెలవు.